ట్రంకు పెట్టెలో ఏముందో ఇంట్లోవాళ్లకి చెప్పండి
మిలటరీ కుటుంబాల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మిలటరీ కుటుంబాలవాళ్లు ప్రశ్నలు పంపండి అన్నాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆడవాళ్లవే. చాలావాటిలో ఒకటే మాట: "ఆయన ఏ కాగితం ఎక్కడ పెట్టారో నాకు తెలియదండీ." నేను ఫౌజులో క్లర్కుగా చేరి సుబేదారుగా దిగినవాణ్ణి, తుపాకీ కంటే ఫైలే ఎక్కువ మోశాను కాబట్టి ఈ శీర్షిక నా నెత్తిన పెట్టారు. పేర్లు తీసేశాం, ఊళ్లు కూడా జిల్లా వరకే ఉంచాం.

"మా ఆయన హవల్దారు. ఇంకో పది నెలల్లో పెన్షన్ మీద వస్తున్నారు. వచ్చాక ఏం చేస్తారంటే 'ఏదో ఒక ఏటీఎం ముందు కూర్చుంటాలే' అంటారు. వెళ్లేముందు ట్రైనింగులు ఇస్తారని విన్నాను, నిజమేనా? ఇంకో మాట, సెలవుకొచ్చిన నెల రోజులే ఇంట్లో అందరికీ టెన్షన్. ఇక ఎప్పటికీ ఇంట్లోనే అంటే ఎలాగో అని భయంగా ఉంది, నవ్వకండి."
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

నవ్వనమ్మా. ఇది చాలా ఇళ్లలో ఉన్నదే, మీరు రాశారు, మిగతావాళ్లు రాయలేదు, అంతే తేడా.

ముందు ట్రైనింగ్ సంగతి. నిజమే. రక్షణ శాఖలో డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ అని ఒక విభాగం ఉంది, ఫౌజులో అందరూ డీజీఆర్ అంటారు. పెన్షన్‌కి దగ్గరపడినవాళ్లకి బయటి ఉద్యోగాలకి పనికొచ్చే కోర్సులు ఇప్పిస్తుంది. ఆఫీసర్లయితే ఫీజులో కొంత వాళ్లు కట్టుకోవాలి, జేసీఓలకీ (నాయబ్ సుబేదారు నుంచి సుబేదార్ మేజర్ దాకా) జవాన్లకీ ఫీజు ఉండదు. సర్వీసులో ఉండగా వెళితే జీతం మామూలుగానే వస్తుంది. కానీ దరఖాస్తు యూనిట్ నుంచే పోవాలి, కాబట్టి పది నెలలు ఉన్నాయి కదా అని ఊరుకోకుండా ఈ వారమే ఆయన్ని ఆఫీసులో అడగమనండి. ఆఖరి రెండు నెలల్లో అడిగితే "సీట్లు అయిపోయాయి" అంటారు, వాళ్ల తప్పూ కాదు.

ఏ కోర్సు అనేది మాత్రం మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. మావాళ్లు చేసే పని ఏమిటంటే, పక్కబెడ్ వాడు ఏది తీసుకుంటే అదే తీసుకుంటారు. సర్టిఫికెట్ వస్తుంది, దానికి తగిన పని మీ ఊళ్లో ఉండదు, అది కాస్తా ట్రంకు పెట్టెలోకి పోతుంది. మీరు స్థిరపడేది ఏ ఊళ్లో, ఆ చుట్టుపక్కల ఏం పని దొరుకుతుంది, అది చూసి కోర్సు ఎంచుకోవాలి. ఆ సంగతి యూనిట్‌లో ఉన్న ఆయనకంటే ఊళ్లో ఉన్న మీకే బాగా తెలుసు.

ఏటీఎం ముందు కూర్చోవడం చిన్నతనమని నేననను, కష్టపడే పని ఏదైనా మంచిదే. అయితే నలభై దాటీ దాటకముందే ఇంటికొచ్చిన మనిషికి ఇంకా పాతికేళ్ల పని వయసు ఉంటుంది. పదో తరగతి పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవాళ్లని, డిగ్రీ అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకి డిగ్రీ ఉన్నవాళ్లతో సమానంగా తీసుకోవచ్చని రూలు ఉంది, సాంకేతిక పోస్టులకి తప్ప. కేంద్ర కొలువుల్లో గ్రూప్ సిలో 10 శాతం మాజీ సైనికులకి రిజర్వు. డిగ్రీతో సమానమనే ఆ సర్టిఫికెట్ అడిగి తెచ్చుకోమనండి. వచ్చిన వెంటనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. గుర్తింపు కార్డూ, ఉద్యోగాలకి పేరు పంపడమూ అన్నీ అక్కడి నుంచే.

ఇక రెండో భయం. ఇరవై ఏళ్లు మీరొక్కరే పిల్లల్ని చూసుకున్నారు, కరెంటు బిల్లు నుంచి మామగారి ఆపరేషన్ దాకా మీరే నిర్ణయించారు. ఇప్పుడు ఒక మనిషి వచ్చి "ఈ ఇంట్లో డిసిప్లిన్ లేదు" అంటాడు. అక్కడ ఆయన మాటకి పదిమంది లేచి నిలబడేవాళ్లు, ఇక్కడ పెద్దపిల్ల ఫోన్ లోంచి తలెత్తదు. ఆయనకీ కష్టమే, మీకూ కష్టమే. నేను చూసినంతవరకు మొదటి ఏడాది చేతిలో పని లేకుండా ఉన్నవాళ్ల ఇళ్లలోనే గొడవలు ఎక్కువ. అందుకని రెండు మూడు పనులు పూర్తిగా ఆయనకి అప్పగించేసి, ఇక వాటిలో వేలు పెట్టకండి, ఆయన ఎలా చేసినా సరే. బ్యాంకు లెక్కలు మాత్రం ఇద్దరికీ తెలిసేలా ఉంచండి. ఈ ఆఖరి మాట మర్చిపోవద్దు, ఎందుకో కింది ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది.

"నేను నాయక్‌గా రిటైరయ్యాను. మా రెండోవాడికి 19 ఏళ్లు, పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదు. తన పని తాను చేసుకోగలడు, కానీ డబ్బు, బస్సు, బజారు తెలియవు. మేమిద్దరం పోయాక వీడి గతేంటి అని రాత్రిళ్లు మా ఆవిడ ఏడుస్తుంది. నా పెన్షన్ వాడికి వస్తుందా? పెద్దవాడు చూసుకుంటానంటున్నాడు, కోడలు వచ్చాక ఎలా ఉంటుందో."
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

అన్నా, మీ జిల్లాలో ఇంటికొక జవాను ఉన్న మిలటరీ మాధవరం లాంటి ఊరు కూడా ఉంది, కాబట్టి ఈ జవాబు మీ ఒక్కరికే కాదు, పక్కింటివాళ్లకీ చదివి వినిపించండి.

వస్తుంది. మీ తరువాత కుటుంబ పెన్షన్ ముందు మీ భార్యకి, ఆమె తరువాత 25 ఏళ్లలోపు పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లకి, ఆ తరువాత సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకి జీవితాంతం. అతనికి వేరే ఆదాయం ఉన్నా, అది తనకి రావాల్సిన మామూలు కుటుంబ పెన్షన్, దాని మీద కరువు భత్యం కలిపిన మొత్తం కంటే తక్కువైతే చాలని 2021లో నిబంధన మార్చారు. అంతకుముందు నెలకి తొమ్మిది వేలు దాటితే కుదరదనేవాళ్లు.

కానీ "వస్తుంది" అనే మాటకీ, నిజంగా బ్యాంకులో పడటానికీ మధ్య చాలా కాగితాలున్నాయి. అవి మీరు ఉండగా చేస్తే ఆరు నెలల పని. మీరిద్దరూ లేనప్పుడు పెద్దవాడు మొదలుపెడితే ఏళ్ల పని, ఎందుకంటే అప్పుడు ఈ అబ్బాయి మీ కొడుకేనని రుజువు చేయడం దగ్గర నుంచి మొదలవుతుంది.

మొదటిది, మీ సర్వీసు రికార్డులో ఈ అబ్బాయి పేరు ఉందా? పిల్లలు పుట్టినప్పుడు పార్ట్ టూ ఆర్డర్, అంటే ఆ వివరం రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు, పడాలి. డిశ్చార్జ్ బుక్ తీసి చూడండి. ఆధార్ లో ఒక పుట్టిన తేదీ, డిశ్చార్జ్ బుక్ లో ఇంకొకటి ఉంటుంది మన ఇళ్లలో, ఇంటిపేరు ఒకచోట ముందు ఇంకోచోట వెనక. నవ్వులాటగా ఉంటుంది గానీ పెన్షన్లు ఆగేది ఎక్కువగా ఇక్కడే. తేడా ఉంటే మీ రికార్డ్ ఆఫీసుకి రాసి సరిచేయించండి.

రెండోది, వైకల్యం సర్టిఫికెట్. ప్రభుత్వం వైకల్యం పరీక్షించే సదరం క్యాంపులో చూపించి ఉంటే ఆ సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసి పెట్టండి, లేకపోతే సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి. పెన్షన్ కోసం ఏ స్థాయి వైద్యుడి సంతకం కావాలో రికార్డ్ ఆఫీసునే ఉత్తరం రాసి అడగండి, ఫోన్ లో అడిగితే రేపు ఆ మాట ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఇవి చేతికొచ్చాక, మీరు బతికుండగానే అబ్బాయి పేరు మీ పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వులో, చేర్చమని దరఖాస్తు పెట్టండి. ఇలా చేర్చుకునే వీలుందని చాలామంది పెన్షనర్లకి తెలియదు. స్పర్శ్‌లో (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ పోర్టల్) మీ పీపీఓ తెరిచి చూస్తే భార్య పేరు ఉంటుంది, అబ్బాయి పేరు ఉండదు. ఉండాలి.

మూడోది, సంరక్షకుడు. 18 దాటాక చట్టం దృష్టిలో అతను మేజరు, మీరు తండ్రి అయినా అతని తరఫున సంతకం పెట్టే హక్కు దానంతటదే రాదు. మానసిక వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, అది సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ఇప్పుడు మీ పేరు పెట్టుకోండి. మీ తరువాత ఎవరనేది కూడా ఇప్పుడే పెద్దవాడితో మాట్లాడండి. కోడలు ఎలాంటిదో అని భయపడేకంటే పెళ్లిచూపుల నాడే ఆ అమ్మాయికి తమ్ముడి సంగతి చెప్పడం మంచిది, దాచి చేసిన పెళ్లిళ్లలోనే తరువాత గొడవలు వచ్చేది. ఇంటి మీద వాటా, పొలం ఏమైనా ఉంటే వీలునామాలో స్పష్టంగా రాయండి.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు కూడా చూసుకోండి. మామూలుగా మగపిల్లలకి 25 ఏళ్లతో ఆగిపోతుంది, పెళ్లైనా ఉద్యోగం వచ్చినా ఇంకా ముందే. శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకి వయసు పరిమితి లేదు. ఆ సర్టిఫికెట్ కార్డుకి జతపడిందో లేదో పాలీక్లినిక్‌లో ఇప్పుడే అడిగితే, ఇరవై ఐదో పుట్టినరోజు తరువాత గేటు దగ్గర నిలబడే పని ఉండదు. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అనే ఆరోగ్య బీమా కూడా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. థెరపీల ఖర్చులకి పనికొస్తుంది.

కాగితాలు అయ్యాయి, ఇక మనిషి సంగతి. డబ్బు తెలియదు, బస్సు తెలియదు అన్నారు. పంతొమ్మిదేళ్లకి అవి నేర్పడం ఆలస్యమేమీ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. పిల్లవాడిని పరీక్షించి ఏం నేర్పొచ్చో చెబుతారు, తల్లిదండ్రులకీ శిక్షణ ఇస్తారు. నెల్లూరులో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. సర్వీసులో ఉన్నవాళ్లకైతే కంటోన్మెంట్లలో ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం ఇలాంటి పిల్లల కోసం నడిపే ఆశా స్కూళ్లు ఉంటాయి. బజారు పని నేర్పేటప్పుడు ఒకే కొట్టు, ఒకే వస్తువు, ఒకే నోటుతో మొదలుపెట్టమంటారు అక్కడి టీచర్లు. కొట్టు అతనికి ముందే చెప్పి ఉంచండి. వాడు పాల ప్యాకెట్ తెచ్చిన రోజు మీ ఆవిడకి కాస్త నిద్ర పడుతుంది.

"మా వారు సర్వీసులో ఉండగా గుండెపోటుతో పోయారు, ఏడాదిన్నర అయింది. నాకు 29, పాప యూకేజీ. అత్తమామలు పెన్షన్‌లో సగం తమకి రాసివ్వాలని పెద్దమనుషుల్లో పెట్టారు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అంతా పోతుందని బెదిరిస్తున్నారు. నేను బీఎస్సీ చదివాను. ఏం చేయాలో తోచడం లేదు."
– ఒక చెల్లెలు, శ్రీకాకుళం జిల్లా

చెల్లెమ్మా, ముందు ఒక మాట గట్టిగా చెబుతాను. కుటుంబ పెన్షన్ రూలు ప్రకారం ముందు భార్యకి. ఊళ్లో పెద్దమనుషులు దాన్ని మార్చలేరు. స్టాంపు కాగితం మీద ఏదీ సంతకం పెట్టొద్దు, ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి.

ఇప్పుడు మీకు వస్తున్నది ఏ రకం పెన్షనో చూడండి, పీపీఓ మీద ఉంటుంది. మామూలు కుటుంబ పెన్షన్ అయితే సర్వీసులో చనిపోయినవారి భార్యకి పదేళ్లపాటు ఆఖరి జీతంలో 50 శాతం, తరువాత 30 శాతం. మరణానికి సర్వీసు కారణమని ఒప్పుకుంటే స్పెషల్ కుటుంబ పెన్షన్, 60 శాతం. యుద్ధంలోనో, ఉగ్రవాదులతో పోరులోనో పోతే లిబరలైజ్డ్, అంటే ఆఖరి జీతం మొత్తం. గుండెపోటు అనగానే "ఇది సర్వీసు వల్ల కాదు" అని మామూలు పెన్షన్ ఇచ్చేసి ఉండొచ్చు. ఆయన ఎక్కడ డ్యూటీలో ఉన్నారు, ఎత్తైన మంచు ప్రాంతమా, ఏం పని మీద ఉన్నారు, ముందు నుంచి జబ్బు ఉందా, చేరినప్పుడు వైద్య పరీక్షలో ఆరోగ్యంగానే ఉన్నారా అన్నవి ముఖ్యం. ఆ కాగితాల నకళ్లు రికార్డ్ ఆఫీసుని అడగండి. అన్యాయం అనిపిస్తే అప్పీలు ఉంది, ఆపైన ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచి కిందికి వస్తాయి. లాయరు ఫీజుకి భయపడొద్దు, 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వాళ్లు వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టారు, సైనిక సంక్షేమ కార్యాలయాల్లోనే జవాన్ల కుటుంబాలకి ఉచిత న్యాయ సాయం దొరికేలా. అక్కడికి వెళ్లి ఈ ఉత్తరం చూపించండి చాలు.

పెళ్లి సంగతి. "అంతా పోతుంది" అనేది అబద్ధం. పెన్షన్ రకాన్ని బట్టి, పిల్లలు ఉన్నారా, పెళ్లి తరువాత వాళ్లని మీరే పోషిస్తున్నారా అన్నదాన్ని బట్టి రూలు మారుతుంది. మామూలు పెన్షన్‌లో మీకు ఆగినా పాపకి వెళుతుంది. నిర్ణయం తీసుకునేముందు మీ పీపీఓ పట్టుకెళ్లి సంక్షేమ అధికారి దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పెళ్లి చేసుకోవాలా వద్దా అనేది మాత్రం మీ ఇష్టం, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అత్తమామల వైపు కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. కొడుకు పోయాడు, రాబడి లేకపోవచ్చు. పాపకి వాళ్లు నానమ్మా తాతయ్యే. మీకు వీలైతే, ఇష్టమైతే నెలకి కొంత మీ అంతట మీరు పంపండి. హక్కుగా అడిగితే ఇవ్వడం వేరు, మీరు ఇవ్వడం వేరు.

చదువు మాట రాశారు కాబట్టి చెబుతున్నాను, ఇది చాలామందికి తెలియదు. సర్వీసులో చనిపోయినవారి భార్యలకి ఆర్మీలో ఆఫీసరు అయ్యే దారి ఉంది. షార్ట్ సర్వీస్ కమిషన్, 35 ఏళ్ల దాకా వయసు సడలింపు, ఏ డిగ్రీ అయినా నాన్ టెక్నికల్‌కి పనికొస్తుంది. ఎస్ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ నెగ్గాలి, తరువాత చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, పరుగూ వ్యాయామమూ కఠినం, పాపని దాదాపు ఏడాది ఎవరి దగ్గర ఉంచాలనేది పెద్ద ప్రశ్న. అయినా మీకు 29 అన్నారు, టైం ఉంది. అది వద్దనుకుంటే బీఈడీ ఉంది, బ్యాంకు పరీక్షలున్నాయి. భర్త పోయినవాళ్లకి వృత్తి శిక్షణ కోసం కేంద్రీయ సైనిక్ బోర్డు ఒకసారి ఇచ్చే గ్రాంటు కూడా ఉంది. గల్వాన్‌లో 2020లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారి భార్యకి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది, మాకెందుకు ఇవ్వరని కొందరు అడుగుతున్నారు. అది ఆ ప్రభుత్వం ప్రత్యేకంగా తీసుకున్న నిర్ణయం, అందరికీ వర్తించే రూలు కాదు, దాని మీద ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకండి.

"అగ్నివీర్‌గా వెళ్లిన మా అబ్బాయికి నాలుగేళ్లు నిండబోతున్నాయి. తరువాత ఏమవుతుంది?"
– ఒక అమ్మ, నల్గొండ జిల్లా

ఉన్నది ఉన్నట్టు చెబుతానమ్మా. నాలుగింట ఒక వంతు మందిని రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మిగతావాళ్లకి సేవా నిధి కింద 11 లక్షల 71 వేల దాకా వస్తుంది, పన్ను ఉండదు. పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో 10 శాతం కోటా 2022లో ప్రకటించారు.

పదో తరగతితో వెళ్లి ఉంటే ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పన్నెండో తరగతి సర్టిఫికెట్, ఇగ్నో ద్వారా డిగ్రీ చేసుకునే ఏర్పాటు ఉంది, సర్వీసులో చేసిన ట్రైనింగ్‌కే సగం క్రెడిట్లు ఇస్తారు. నమోదు చేసుకున్నాడో లేదో ఇవాళ ఫోన్‌లో అడగండి. ఆ డబ్బు వచ్చిన నెలలోనే మీ ఇంటికి బంధువులు, ప్లాట్లు అమ్మేవాళ్లు, కొత్త బండి షోరూంవాళ్లు వస్తారు. ఒక ఏడాది బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసి, వాడు ఏం చదువుతాడో ఏం పరీక్ష రాస్తాడో తేలాక కదపండి. ఇల్లు కట్టడానికి వాడొద్దని నా సలహా, మీకు కోపం వచ్చినా సరే.

"మైన్ పేలి నా ఎడమ కాలు మోకాలి కింద పోయింది. పెట్టిన కాలు ఇప్పుడు వదులైంది, ఒరుసుకుని పుండు పడుతోంది, గుడ్డ చుట్టుకుని నడుస్తున్నా. జెండా పండుగకి పిలిచి శాలువా కప్పుతారు, పని మాత్రం ఎవరూ ఇవ్వరు. రాత్రుళ్లు నిద్ర పట్టదు, మందు అలవాటైంది. నా వయసు 36."
– ఒక మాజీ సిపాయి, నిజామాబాద్ జిల్లా

తమ్ముడూ, గుడ్డ చుట్టుకోవడం ఇవాళే ఆపెయ్. కాలు తీసిన చోట కండ కొన్నాళ్లకి తగ్గుతుంది, అప్పుడు సాకెట్, అంటే మొండి కాలు దూర్చే భాగం, వదులవుతుంది, అది నీ తప్పు కాదు, సాకెట్ మార్చాలి. పుండు మానేదాకా ఆ కాలు వేసుకోకు, షుగర్ పరీక్ష చేయించుకో. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్లి పుణె ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కి రాయించుకో. 1944లో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికుల కోసం పెట్టిన కేంద్రం అది, కాళ్లు చేతులు అమర్చడమే వాళ్ల పని. దూరమే, రైలు ప్రయాణం కష్టమే. కానీ నీకు సరిపడేలా కొలిచి చేసిన కాలు వేసుకుంటే తేడా నీకే తెలుస్తుంది.

పుణె వెళ్లినప్పుడే ఖడ్కీలో ఇంకో రెండు చోట్లు చూసి రా. ఒకటి క్వీన్ మేరీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. మొదటి ప్రపంచ యుద్ధంలో అవయవాలు పోయిన మన సిపాయిలకి పని నేర్పడానికి 1917లో మొదలైంది, ఇప్పటికీ వైకల్యం ఉన్న జవాన్లకి వృత్తి కోర్సులు చెబుతోంది. రెండోది వెన్నెముక దెబ్బతిన్న సైనికులు ఉండే పారాప్లెజిక్ పునరావాస కేంద్రం, 1974 నుంచి ఉంది. నీకు అక్కడ చేరే అవసరం లేదు, ఊరికే ఒక పూట వాళ్లతో కూర్చో.

ఆటలంటే ఇష్టమైతే ఖడ్కీలోనే ఆర్మీ పారాలింపిక్ నోడ్ ఉంది. నాగాలాండ్‌కి చెందిన హవల్దార్ హొకాటో సేమా అక్కడే తయారయ్యాడు. 2002లో మైన్ పేలి నీలాగే ఎడమ కాలు పోయింది, షాట్‌పుట్ మొదలుపెట్టేనాటికి ముప్పై దాటింది, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈతలో బంగారం గెలిచాడు, పారాలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి స్వర్ణం. నువ్వూ పతకం తేవాలని చెప్పడం లేదు, అందరూ తేలేరు, తేనవసరం లేదు. ముప్పై దాటాక కొత్తది మొదలుపెట్టినవాళ్లున్నారని చెబుతున్నా.

పెన్షన్ లెక్క కూడా చూపించుకో. యుద్ధ గాయాలకి ఇచ్చే వార్ ఇంజ్యురీ పెన్షన్ మామూలు డిజేబిలిటీ పెన్షన్ కంటే ఎక్కువ, నీకు ఏది రాశారో చూడు. వైకల్యం శాతాన్ని పైకి సవరించే పద్ధతి ఒకటుంది, 50 కంటే తక్కువైతే 50గా, 50 నుంచి 75 అయితే 75గా, ఆపైన ఉంటే 100గా లెక్కేస్తారు. సర్వీసు పూర్తయి దిగినవాళ్లకీ ఇది వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టు రామ్ అవతార్ కేసులో చెప్పింది. నీ పీపీఓలో అసలు శాతమే వేసి వదిలేశారేమో చూడు. ఉద్యోగాల సంగతికొస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో మాజీ సైనికుల కోటాలో వైకల్యం పొందినవాళ్లకీ, అమరుల కుటుంబాలకీ కలిపి 4.5 శాతం విడిగా ఉంది. 2016 చట్టం కింద దివ్యాంగులకి ఉన్న 4 శాతం వేరే.

మందు సంగతి. తిట్టను, తిడితే మానేవాళ్లైతే మా బ్యారక్‌లో ఒక్కడూ తాగేవాడు కాదు. నిద్ర పట్టకపోవడం, చప్పుడుకి ఉలిక్కిపడటం, పాత సంగతి కళ్ల ముందు తిరగడం, ఇవి జబ్బు లక్షణాలు, పిరికితనం కాదు. 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రాత్రే చెయ్, పొద్దున్నదాకా ఆగకు, ఇంట్లో ఒకరిని లేపి చెప్పు. పాలీక్లినిక్ డాక్టరుకి కాలు ఒక్కటే చూపించి రాకుండా ఈ మాట కూడా చెప్పు.

"మా కాలనీలో మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఏటా డిసెంబర్ 7న డబ్బాలో డబ్బులు వేస్తాం. అంతకు మించి కాలేజీ కుర్రాళ్లం ఏం చేయగలం?"
– విద్యార్థులు, గుంటూరు

డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా దినం 1949 నుంచి జరుగుతోంది, ఆ డబ్బు సంక్షేమ నిధికే పోతుంది, వేస్తూ ఉండండి. అయితే మీ దగ్గర స్మార్ట్‌ఫోనూ, ఇంగ్లీషు చదవడమూ ఉన్నాయి, ఆ పెద్దవాళ్లకి కావాల్సింది అదే. స్పర్శ్ వచ్చాక పెన్షన్ అంతా ఆన్‌లైన్ అయింది. పాస్‌వర్డ్ మర్చిపోయిన ముసలి హవల్దారు, తెలుగు తప్ప చదవలేని ముసలమ్మ, వీళ్లు ఇంటర్నెట్ సెంటర్‌లో అడిగినంత ఇచ్చి వస్తున్నారు. నెలకొక ఆదివారం గుడి దగ్గరో కమ్యూనిటీ హాల్లోనో ఒక టేబుల్ వేసుకుని కూర్చోండి. ఓటీపీ, పాస్‌వర్డ్ మీరు అడగొద్దు, వాళ్ల చేతే వాళ్ల ఫోన్ లోనే కొట్టించండి, వాళ్ల కొడుకో కోడలో పక్కన ఉండేలా చూసుకోండి. మీకు మంచి పేరే వస్తుంది, కానీ రేపు ఎవరి డబ్బైనా పోతే ముందు మిమ్మల్నే అడుగుతారు.

ఇంకొకటి. మాజీ సైనికుల పిల్లలు ఈ ఏడాది బీటెక్, నర్సింగ్, ఫార్మసీ లాంటి వృత్తి కోర్సు మొదటి సంవత్సరంలో చేరి ఉంటే, ఇంటర్‌లో 60 శాతం వచ్చి ఉంటే, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అడగొచ్చు. అమ్మాయిలకి నెలకి 3000, అబ్బాయిలకి 2500. మొదటి ఏడాది దాటితే కుదరదు, చాలామంది రెండో ఏడాదిలో అడుగుతారు. మీ కాలేజీ నోటీసు బోర్డులో రాసి పెట్టండి. ఇంకా కుర్రాళ్లు కాబట్టి ఒక పని చెబుతాను, మీ కాలనీ ఆఫీసు మెట్ల పక్కన ర్యాంపు ఉందా? చక్రాల కుర్చీ మనిషికి శాలువా కప్పేందుకు నలుగురు ఎత్తుకుని వేదిక ఎక్కించడం నేను చూశాను, ఆయన ముఖం నాకు నచ్చలేదు.

"మా అమ్మకి 84, మంచం మీదే ఉంది. నాన్నగారి మిలటరీ పెన్షన్ ఆమెకి వస్తుంది. లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్రలు పడటం లేదు."
– ఒక కుమార్తె, హైదరాబాద్

వయసు మీద పడితే వేలి గీతలు అరిగిపోతాయి. జీవన్ ప్రమాణ్‌లో (ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్ ఏర్పాటు) ముఖం చూపించి చేసే పద్ధతి ఉంది, మీ ఫోన్ కెమెరా చాలు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్, జీవన్ ప్రమాణ్ యాప్ రెండూ వేసుకుని పగటి వెలుతురులో చేయండి, కళ్లజోడు తీయించండి, గోడవైపు కాకుండా కిటికీవైపు ముఖం పెట్టించండి. పెన్షన్ ఇచ్చేది ఎవరని అడిగినచోట బ్యాంకు పేరు కాదు, అమ్మగారి పెన్షన్ స్పర్శ్‌లోకి మారి ఉంటే స్పర్శ్ అని ఎంచుకోవాలి, ఎక్కువమందికి తిరస్కరించేది అక్కడే. పీపీఓ నంబరు పాతది కాకుండా స్పర్శ్‌ది వేయండి. నవంబర్ ఆఖరి వారందాకా ఆగొద్దు, ఆ రోజుల్లో సర్వర్ మొరాయిస్తుంది.